రాంచ్‌ల నడుమ రెండొందల కిలోమీటర్లు: సైకిల్ యాత్రపై పాఠకుల ప్రశ్నలు

అమెరికాను అడ్డంగా దాటే ట్రాన్స్‌అమెరికా సైకిల్ దారి ఆరెగాన్‌లోని ఆస్టోరియా నుంచి వర్జీనియాలోని యార్క్‌టౌన్ దాకా సుమారు 4,200 మైళ్లు ఉంటుంది. ఆ దేశం రెండొందల ఏళ్ల పండుగ చేసుకున్న 1976లో మొదలైంది. అందులో వయోమింగ్ రాష్ట్రంలోని లాండర్, రాలిన్స్ పట్టణాల మధ్య ముక్క గురించి ఈసారి ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. అటూ ఇటూ రాంచ్‌లు (పశువులను పెంచే పెద్ద క్షేత్రాలు), సేజ్ పొదలు, మైళ్ల తరబడి ముళ్లకంచె. దుకాణాలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. జూన్, జులై నెలల్లో, పడమర నుంచి తూర్పుకు వెళ్లేవారిని ఉద్దేశించి ఈ జవాబులు.

ప్రశ్న: వారాంతాల్లో రోడ్ బైక్ మీద వంద మైళ్లు తొక్కడం నాకు అలవాటే. లాండర్ నుంచి రాలిన్స్ 125 మైళ్లే కదా, ఒక్క రోజులో వెళ్లలేనా?
— ఓ పాఠకుడు, డాలస్

జవాబు: వెళ్లినవాళ్లు ఉన్నారు. కానీ ఆ మాట చెప్పాల్సింది మీ కాళ్లు కాదు, ఆ రోజు గాలి. ముందు దారి స్వరూపం చూడండి. లాండర్ సుమారు 5,350 అడుగుల ఎత్తులో ఉంది. అక్కడి నుంచి బీవర్ రిమ్ అనే గట్టు ఎక్కి స్వీట్‌వాటర్ స్టేషన్ చేరడానికి సుమారు 40 మైళ్లు. ఇంకో 20 మైళ్లకు జెఫ్రీ సిటీ. యురేనియం గనులతో పెరిగి, 1980లలో గనులు మూతపడ్డాక ఖాళీ అయిన ఊరిది. పేరులో సిటీ ఉందని ఆశపడొద్దు. అక్కడి నుంచి స్వీట్‌వాటర్ నది లోయ వెంట తూర్పుగా 23 మైళ్లు వెళితే మడ్డీ గ్యాప్ కూడలి. అక్కడ రోడ్డు దక్షిణానికి మళ్లి, ఖండ విభాజక రేఖను (నీళ్లు ఏ సముద్రం వైపు పారాలో విడదీసే గట్టును) దాటుకుంటూ సుమారు 45 మైళ్లలో రాలిన్స్ చేరుతుంది. రాలిన్స్ ఎత్తు 6,800 అడుగుల పైచిలుకు.

ఇక్కడ ఎక్కువ రోజులు గాలి పడమర నుంచో నైరుతి నుంచో వీస్తుంది. కాబట్టి మడ్డీ గ్యాప్ దాకా మిమ్మల్ని వెనక నుంచి తోసిన గాలే, ఆ మలుపు తర్వాత కుడిచెంప మీదా ముఖం మీదా కొడుతుంది. పైగా అప్పటికి మధ్యాహ్నం అవుతుంది. ఆ ప్రాంతంలో గాలి పొద్దున్నే నెమ్మదిగా ఉండి, పది దాటాక పుంజుకుని, రెండు నుంచి ఐదు మధ్య పతాక స్థాయిలో ఉంటుంది. అంటే మీ ఒంట్లో శక్తి అడుగంటే వేళకే రోడ్డు కష్టమవుతుంది.

ఎంత కష్టమో లెక్క చూద్దాం. మనిషి, సైకిల్, సామాను కలిపి 115 కిలోలు అనుకోండి. గాలి లేని చదును రోడ్డు మీద గంటకు 20 కి.మీ. వేగానికి దాదాపు 85 వాట్లు చాలు. అదే శ్రమతో, గంటకు 20 కి.మీ. ఎదురుగాలిలో మీ వేగం 11కి పడిపోతుంది. గాలి నిరోధం మనకూ గాలికీ మధ్య ఉన్న వేగం వర్గంతో పెరగడమే కారణం. పట్టుదలకు పోయి 20 కి.మీ. వేగమే నిలబెట్టాలంటే 225 వాట్లు కావాలి, అది గంటల తరబడి మామూలు మనిషి వల్ల కాదు. అదే గాలి వెనక నుంచి వస్తే 30 దాటుతారు. మడ్డీ గ్యాప్ నుంచి రాలిన్స్ 72 కి.మీ. గాలి లేకపోతే మూడున్నర గంటల పైన, నిండు ఎదురుగాలైతే ఆరున్నర గంటలు. మధ్యలో లామాంట్ అనే నాలుగిళ్ల పల్లె తప్ప ఆగే చోటు లేదు.

అందుకని రెండు రోజులు పెట్టుకోండి. మొదటి రోజు జెఫ్రీ సిటీ వరకు, అంటే 95 కి.మీ. రెండో రోజు వేకువన ఐదింటికే బయలుదేరితే ఏడున్నర, ఎనిమిదికల్లా మడ్డీ గ్యాప్ దాటి, గాలి లేచేలోపు సగం దారి గడిచిపోతుంది. ఒక్క రోజులోనే వెళ్లి తీరాలనుకుంటే లాండర్‌లో చీకటితోనే లైట్లు వేసుకుని కదలండి. ఉదయం 11కు జెఫ్రీ సిటీ చేరకపోతే ఆ రోజుకు అక్కడే ఆగిపోవాలి. ఈ గడియారం నియమం ఇంట్లోనే పెట్టుకోండి, అలసిపోయాక మనసు ఒప్పుకోదు.

తూర్పు నుంచి పడమరకు వెళ్లేవారికి ఇదంతా తిరగబడుతుంది. మడ్డీ గ్యాప్ నుంచి లాండర్ దాకా 80 మైళ్ల పైన ఎదురుగాలే. వాళ్లు మూడు రోజులు వేసుకున్నా తప్పు లేదు.

ప్రశ్న: నీళ్లు ఎన్ని లీటర్లు మోయాలి? దారిలో పశువుల తొట్లు ఉంటాయట, ఆ నీళ్లు తాగొచ్చా?
— ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: గంటకు ముప్పావు లీటరు లెక్క వేసుకోండి. చల్లని పొద్దున అర లీటరు సరిపోతుంది, 30 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం లీటరు పడుతుంది. ఇక్కడ గాలి ఎంత పొడిగా ఉంటుందంటే చొక్కా తడవదు. చెమట పట్టలేదు కదా అనుకుని తాగడం మానేసేవాళ్లు ఇందుకే దెబ్బతింటారు. లాండర్ నుంచి జెఫ్రీ సిటీకి ఏడెనిమిది గంటలు అనుకుంటే ఆరు లీటర్లు. రాత్రి వంటకూ మరునాటి పొద్దుటికీ అనుమానం ఉంటే ఎనిమిది. స్వీట్‌వాటర్ స్టేషన్ కూడలిలో రెస్ట్ ఏరియా ఉంది. అయినా దాన్ని నమ్ముకుని సీసాలు ఖాళీగా తీసుకెళ్లొద్దు. కుళాయి నడుస్తోందా, మడ్డీ గ్యాప్ దుకాణం ఏ వేళల్లో తెరుస్తారు అన్నవి ముందురోజే కనుక్కోండి.

లీటరు నీళ్లు కిలో బరువు. వాటిని ఎక్కడ పెడుతున్నారన్నది ముఖ్యం. ఫ్రేమ్ మీది మూడు సీసా హోల్డర్లలో మూడు లీటర్లు, మిగతావి మడత సంచుల్లో నింపి ముందు ప్యానియర్ల (చక్రం పక్కన వేలాడే సంచుల) అడుగున. వెనక క్యారియర్ పైన కడితే ఎక్కుడులో ముందు చక్రం తేలిపోతుంది, దిగుడులో హ్యాండిల్ ఊగుతుంది.

ఉత్త నీళ్లే అతిగా తాగినా ప్రమాదమే, రక్తంలో సోడియం పలచబడుతుంది. తలనొప్పి, వాంతి, తికమక దాని గుర్తులు. దాహమని పొరబడి ఇంకా తాగితే పరిస్థితి ముదురుతుంది. మన మందుల షాపుల్లో దొరికే ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలతల ఓఆర్ఎస్ పొట్లం లీటరులో కలిపితే సుమారు 1.7 గ్రాముల సోడియం ఇస్తుంది. అది విరేచనాలకు తగిన మోతాదు. సైకిల్ తొక్కేటప్పుడు లీటరుకు సగం పొట్లం చాలు. రోజుకు మూడు లీటర్లు ఇలా, మిగతావి మామూలు నీళ్లు.

ఇక తొట్లు. హైవే పక్కన అవి కంచె లోపల ఉంటాయి కాబట్టి రాంచ్ వాళ్లను అడగకుండా వెళ్లకూడదు. అడిగితే తమ ఇంటి కుళాయి నీళ్లే ఇచ్చే అవకాశం ఎక్కువ. గ్రేట్ డివైడ్ బేసిన్ అనే పొడి ప్రాంతం గుండా వెళ్లే మట్టిదారిలో మాత్రం తొట్టి నీళ్లు తప్పకపోవచ్చు. తొట్టిలో నిలిచి ఉన్న నీళ్లు కాకుండా, గొట్టం నుంచి ధార పడుతుంటే దాన్ని పట్టండి. పశువులు తిరిగే నీటిలో జియార్డియా, క్రిప్టోస్పోరిడియం ఉంటాయని అనుకోవాల్సిందే. 0.1 మైక్రాన్ గొట్టపు ఫిల్టర్ ఈ రెంటినీ, బాక్టీరియానూ ఆపుతుంది, వైరస్‌లను ఆపదు. మామూలు క్లోరిన్ బిళ్లలకు క్రిప్టోస్పోరిడియం చావదు. క్లోరిన్ డయాక్సైడ్ బిళ్ల వేస్తే నాలుగు గంటలు ఆగాలి. మరిగిస్తే కళపెళా మరిగాక ఒక నిమిషం చాలు, 6,500 అడుగుల పైన మూడు నిమిషాలు. ఒడ్డున తెల్లగా చవుడు పేరిన నీళ్లు, పచ్చరంగు కలిపినట్టు నాచు తేలిన నీళ్లు, చమురు బావుల దగ్గరి గుంటల నీళ్లు ముట్టుకోకండి. ఉప్పులూ నాచు విషాలూ ఫిల్టర్‌కూ మరగబెట్టడానికీ పోవు.

రాత్రి చలి జులైలోనూ 5 డిగ్రీలకు దిగొచ్చు, ఎత్తైన చోట గడ్డకట్టొచ్చు. తడిసిన ఫిల్టర్ గడ్డకడితే లోపలి సన్నగొట్టాలు చిట్లుతాయి. పైకి ఏమీ తెలియదు, నీళ్లు మాత్రం శుద్ధి కావు. పడుకునేటప్పుడు దాన్ని సంచిలో చుట్టి స్లీపింగ్ బ్యాగ్‌లోకి తీసుకోండి.

ప్రశ్న: పశ్చిమ రాష్ట్రాల్లో ముళ్ల వల్ల పంక్చర్లు ఎక్కువని విన్నాను. టైర్లు ఏవి వేయాలి?
— ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: అక్కడ గోట్‌హెడ్ అని తిట్టుకునే ఆ ముల్లు మన పొలంగట్ల మీది పల్లేరు కాయే. ఆసియా, ఆఫ్రికా, మధ్యధరా ప్రాంతాల మొక్క, అమెరికాకు తరవాత చేరింది. నేలకు పరుచుకుని చిన్న పసుపు పూలు పూస్తుంది. కాయ పగిలి ఐదు ముక్కలవుతుంది, ప్రతి ముక్కకూ రెండు గట్టి ముళ్లు, ఎలా పడినా ఒకటి పైకే చూస్తుంది. లాండర్ లాంటి కాస్త తక్కువ ఎత్తు పట్టణాల అంచుల్లో, పెట్రోలు బంకుల వెనక, రోడ్డు వార జాగ్రత్తగా ఉండాలి. ఎత్తు పెరిగేకొద్దీ తగ్గుతుంది. ఆగేటప్పుడు సైకిల్‌ను గడ్డిలోకి దొర్లించకుండా ఎత్తి పెట్టండి. సగం పంక్చర్లు అక్కడే తప్పుతాయి.

హైవే మీద అసలు దొంగ వేరే ఉంది. పేలిన లారీ టైర్ల నుంచి షోల్డర్ (రోడ్డు అంచు పట్టీ) మీద రాలే సన్నని ఉక్కు తీగ ముక్కలు. టైరులో దిగితే కంటికి కనబడవు, వేలికి తగలవు. రెండోసారి, మూడోసారి అదేచోట గాలి పోతోందంటే అదే. కాబట్టి ట్యూబ్ తీసేముందు వాల్వ్ దగ్గర టైరు మీద గుర్తు పెట్టుకోండి. ట్యూబ్‌లో చిల్లు దొరికాక ఆ దూరాన్ని బట్టి టైరులో చోటు తెలుస్తుంది. దూది ముక్కతో టైరు లోపల రెండు వైపులకూ తుడవండి, తీగ ఉంటే దూది పోగు పట్టుకుంటుంది. లాగడానికి మొన సన్నని పట్టకారు తప్పనిసరి.

ప్యాచ్ ఊడిపోవడానికి తొందరే కారణం. ప్యాచ్ కన్నా పెద్ద మేర గరుకు కాగితంతో రుద్ది, ట్యూబ్ మీది అచ్చు గీత ఉంటే అది చదునయ్యేదాకా అరగదీయాలి. సొల్యూషన్ పలచగా రాసి ఐదు నిమిషాలు, తడి మెరుపు పోయేదాకా ఆగాలి. తర్వాత గట్టిగా నొక్కాలి. ఆ గాలిలో దుమ్ము వాలకుండా ఒంటితో అడ్డం పెట్టుకోండి.

ట్యూబ్‌లెస్ అయితే 40–45 మి.మీ. వెడల్పు టైరుకు 60 నుంచి 90 మి.లీ. సీలెంట్ (చిల్లును లోపలి నుంచి పూడ్చే ద్రవం). పొడి వాతావరణంలో త్వరగా ఎండుతుంది. బయలుదేరేముందు కొత్తది పోసి, ఇంకో 60 మి.లీ. సీసా వెంట ఉంచుకోండి. ముల్లు దిగితే వెంటనే పీకొద్దు. రాత్రి ఆగాక, ముల్లున్న చోటు కిందికి వచ్చి సీలెంట్ అక్కడికి చేరేలా చక్రం తిప్పి పెట్టి, అప్పుడు తీయండి. ట్యూబ్‌లెస్ వాళ్లకూ రెండు ట్యూబ్‌లు, టైరు చీలితే లోపల వేయడానికి పాత టైరు ముక్క ఒకటి ఉండాలి.

ప్రశ్న: వెనక చక్రం స్పోకులు పదే పదే తెగుతున్నాయి. సామాను 20 కిలోలే. ఇంత ఖాళీ ప్రదేశంలో అలా జరిగితే?
— ఓ పాఠకుడు, ఫీనిక్స్

జవాబు: ఒకటి తెగితే బరువు కారణం అనుకోవచ్చు. వరసగా తెగుతున్నాయంటే చక్రం అల్లిక సరిగా లేదు. వదులుగా ఉన్న స్పోక్ ప్రతి తిరుగుడుకూ ఒకసారి సడలి మళ్లీ బిగుస్తుంది, హబ్ దగ్గర వంపులో లోహం అలసి తెగుతుంది. ఒక్కో స్పోక్ మార్చుకుంటూ పోతే లాభం లేదు, మిగిలినవీ అంతే అలసి ఉంటాయి. మొత్తం 36 స్పోకులూ కొత్తవి వేయించి, బిగువు మీటరుతో సమానం చేయించి, జంటలు జంటలుగా చేత్తో నొక్కి సర్దించి, 100 కి.మీ. తొక్కాక మరోసారి చూపించండి. సామానులో మూడో వంతుకు తగ్గకుండా ముందుకు మార్చండి.

దారిలో తెగితే ముందు ఆ ముక్కను పక్క స్పోక్‌కు చుట్టేయండి. చక్రం తెగిన స్పోక్‌కు వ్యతిరేక దిశలో వంగుతుంది. దానికి రెండు పక్కలా ఉన్న స్పోకులు ఎదుటి వైపువి కాబట్టి, ఆ రెంటినీ అర తిప్పు చొప్పున వదులు చేస్తే రిమ్ము మధ్యకు వస్తుంది. రిమ్ బ్రేక్ అయితే రాసుకోకుండా కాస్త తెరవండి. గేర్ల వైపు తెగితే క్యాసెట్ (వెనక పళ్లచక్రాల గుత్తి) విప్పకుండా కొత్త స్పోక్ దూరదు. అందుకే చిన్న క్యాసెట్ ఓపెనరో, హబ్ కన్నంలోంచి తాడులా దూర్చే కెవ్లార్ స్పోకో సంచిలో ఉండాలి. మీ చక్రాలకు స్పోక్ పొడవులు రెండో మూడో రకాలు ఉంటాయి. ఒక్కో రకానికి రెండేసి, నిపుల్స్ (రిమ్ము దగ్గర స్పోక్‌ను బిగించే మరలు)‌తో సహా, చైన్ పక్కనున్న గొట్టానికి టేపు వేసి అంటించుకోండి.

ఇదే సంచిలో గేర్లు మార్చే డెరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ ఒకటి, చైన్ జోడు లింకులు రెండు, ఐదు మి.మీ. బోల్టులు నాలుగు. క్యారియర్ బోల్టులు అదురుకు వాటంతట అవే ఊడతాయి. రోజూ పొద్దున చేత్తో తడిమి చూడండి.

ప్రశ్న: ఆవులు రోడ్డుకు అడ్డం నిలబడితే బెల్ కొట్టాలా, ఆగాలా? కుక్కల సంగతేమిటి?
— ఓ పాఠకురాలు, సియాటిల్

జవాబు: ఆ ఆవులు మన వీధుల్లో ఆటోల మధ్య నిద్రపోయే ఆవుల్లాంటివి కావు. ట్రక్కును చూస్తే కదలవు, చప్పుడు లేకుండా వచ్చే సైకిల్‌ను చూసి బెదురుతాయి. వంద మీటర్ల దూరం నుంచే మామూలు గొంతుతో మాట్లాడుతూ రండి, మనిషని తెలుస్తుంది. వేగం తగ్గించి, అవి పక్కకు తప్పుకునే వ్యవధి ఇవ్వండి. బెల్లు, అరుపులు వద్దు. కొన్ని రోడ్డు వెంబడే మీ ముందు పరుగెత్తుతాయి. వెంట పడితే మైళ్లు పరుగెత్తి కంచెలో చిక్కుకుంటాయి, రాంచ్ యజమానికి నష్టం. ఆగిపోండి, అవే పక్కకు వెళతాయి. తల్లికీ దూడకూ మధ్య నుంచి ఎప్పుడూ వెళ్లకండి. తల దించి పక్కకు తిరిగి ఒళ్లు చూపిస్తున్న ఆబోతు హెచ్చరిస్తున్నట్టే. వెన్ను చూపకుండా మెల్లగా వెనక్కి జరగండి.

గొర్రెల మందలు కనబడితే వాటిలో పెద్ద తెల్ల కుక్కలు ఉంటాయని అనుకోండి. తోడేళ్లనూ కొయోటీలనూ ఎదిరించడానికి పెంచినవి అవి. పరిగెత్తే దేన్నయినా శత్రువే అనుకుంటాయి, కాబట్టి తొక్కి తప్పించుకునే ప్రయత్నం చేయొద్దు. దిగండి. సైకిల్‌ను మీకూ కుక్కకూ మధ్య ఉంచి, శాంతంగా మాట్లాడుతూ, మందకు దూరంగా నడవండి. మంద దాటగానే అది తనంతట తనే ఆగిపోతుంది.

హైవేకు ఇరువైపులా కంచె ఉంటుంది. పక్కనుంచి వెళ్లే మట్టిదారుల్లో మాత్రం పశువులు దాటకుండా నేలలో గోతి మీద ఇనుప గొట్టాలు అడ్డంగా పరిచిన కాటిల్ గార్డులు తగులుతాయి. ముందే వేగం కాస్త తగ్గించి, గొట్టాల మీద మాత్రం బ్రేకు వేయకుండా, హ్యాండిల్ తిప్పకుండా, సీటు నుంచి లేచి నిటారుగా దాటండి. కొన్నింటికి నడిమధ్య రెండు పలకలు కలిసేచోట మీరు వెళ్లే దిశలోనే పొడవాటి సందు ఉంటుంది, చక్రం సరిగ్గా అందులో పడుతుంది. ఓ పక్కగా పోవాలి. వాన పడిన గొట్టాల మీద దిగి నడవడమే మంచిది. గేటు ఉంటే మీరు వచ్చేసరికి ఎలా ఉందో అలాగే వదలండి. మూసి ఉంటే మూయండి, తెరిచి ఉంటే తెరిచే ఉంచండి. నీళ్లకోసం పశువులు వచ్చే దారిలో మీరు గేటు మూసేస్తే మంద దాహంతో మాడిపోతుంది.

ప్రశ్న: పూర్తి శాకాహారిని, గుడ్డు కూడా తినను. ఏం తిని తొక్కాలి?
— ఓ పాఠకుడు, చికాగో

జవాబు: రోజు మొత్తానికి 4,000 కేలరీలకు తగ్గకుండా కావాలి. పశువుల దేశంలో కేఫ్ అంటే మెనూ అంతా మాంసమే. గుడ్డు తినరు కాబట్టి పాన్‌కేకులు వద్దు. వేయించిన బంగాళాదుంప, చీజ్ శాండ్‌విచ్, బీన్స్ బరీటో మిగులుతాయి. బీన్స్‌లో పందికొవ్వు కలుపుతారు, అడిగి తినండి. లాండర్‌లోనూ రాలిన్స్‌లోనూ సూపర్‌మార్కెట్లు ఉన్నాయి. మధ్యలో రెండు రోజులకు సరిపడా తిండి లాండర్‌లోనే కొనండి.

తొక్కుతున్నంతసేపూ గంటకు 60 గ్రాముల పిండి పదార్థం. ఖర్జూరం, అరటిపండు, జామ్ రాసిన టోర్టియా, బెల్లం. వంద గ్రాముల పల్లీ చిక్కీ దాదాపు 500 కేలరీలు ఇస్తుంది, ఎండకు కరగదు, చాక్లెట్ కన్నా ఎంతో మేలు. అయితే కొవ్వు ఎక్కువ, అరగడానికి సమయం పడుతుంది. ఎక్కుడు ముందు కాకుండా విరామంలో తినండి.

పొద్దున కలిపిన పులిహోర మధ్యాహ్నం లోపు ముగించేయండి. వేడి ప్యానియర్‌లో అన్నం బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియాకు మంచి ఇల్లు. చింతపండు పులుపు కాస్త ఆలస్యం చేస్తుందే గాని ఆపదు. రాత్రి వంటకు కందిపప్పు పెట్టుకోవద్దు. జెఫ్రీ సిటీ ఎత్తులో నీళ్లు 94 డిగ్రీలలోపే మరుగుతాయి, కుక్కర్ లేకుండా పప్పు ఉడికేలోపు గ్యాస్ డబ్బా అయిపోతుంది. వేయించి పెట్టుకున్న ఉప్మా రవ్వ, అటుకులు, ఎర్ర కందిపప్పు అంటారే ఆ మసూర్ పప్పు అయితే పని జరుగుతుంది. ఒకరికి రాత్రికి 150 గ్రాముల రవ్వ, 50 గ్రాముల వేరుశనగలు, రెండు చెంచాల నెయ్యి. ఆవకాయ తెచ్చుకుంటే రెండు కవర్లలో కట్టండి, ఎత్తుకు పోయేకొద్దీ డబ్బా మూత ఉబ్బి నూనె కారుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి డెన్వర్‌లో చదువుతున్నాడు, ఈ దారిలో ఒక్కడే వెళతానంటున్నాడు. అక్కడ ఫోన్ సిగ్నల్ ఉండదట. మాకు ఎలా తెలుస్తుంది?
— ఓ తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, వద్దనకండి, ఏర్పాటు అడగండి. ఉపగ్రహం ద్వారా సందేశం పంపే చిన్న పరికరం కొనడమో అద్దెకు తీసుకోవడమో చేయమనండి. పది నిమిషాలకోసారి తను ఎక్కడున్నాడో మ్యాప్ మీద మీకు కనబడేలా పెట్టుకోవచ్చు. ఐఫోన్ 14, ఆ తర్వాతి ఫోన్లలో సిగ్నల్ లేనిచోట ఉపగ్రహం ద్వారా అత్యవసర సహాయం కోరే సదుపాయం ఉంది. ఆ సదుపాయం ఆపదకే వాడాలి. పదివేల మిల్లీయాంప్ అవర్ పవర్ బ్యాంక్ ఒకటి తప్పకుండా ఉండాలి.

వేసవిలో అక్కడి గడియారం మనకన్నా పదకొండున్నర గంటలు వెనక. అక్కడ రాత్రి ఎనిమిదంటే మీకు మరునాటి పొద్దున ఏడున్నర. ఆ వేళకు "చేరాను" అన్న కబురు రావాలని మాట తీసుకోండి. రాకపోతే రెండు గంటలు ఆగండి, పరికరం బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు. అప్పటికీ రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో కాగితం మీద ఉండాలి. గుంటూరు నుంచి అమెరికా అత్యవసర నంబరు 911 పనిచేయదు. లాండర్, జెఫ్రీ సిటీలు ఫ్రీమాంట్ కౌంటీలో, మడ్డీ గ్యాప్, రాలిన్స్ కార్బన్ కౌంటీలో ఉన్నాయి. ఆ రెండు కౌంటీల షెరీఫ్ (పోలీసు) ఆఫీసుల మామూలు నంబర్లు, సైకిల్ రంగు, బట్టల రంగు, ఆ రోజు ఆగాల్సిన ఊరు, అబ్బాయి వాడే మందులు, డెన్వర్‌లో ఒక స్నేహితుడి నంబరు రాయించుకోండి.

ప్రశ్న: హైవే వదిలి గ్రేట్ డివైడ్ బేసిన్ మట్టిదారి పట్టాలనుంది. వాన వస్తే?
— ఓ పాఠకుడు, బెంగళూరు

జవాబు: ఆ పళ్లెంలాంటి ప్రాంతంలో పడిన వాన ఏ సముద్రానికీ చేరదు, ఇంకిపోవాలి లేదా ఆవిరి కావాలి. అట్లాంటిక్ సిటీ అనే చిన్న ఊరు దాటాక రాలిన్స్ దాకా సుమారు 130 మైళ్లు దుకాణం లేదు. నీళ్లు కూడా ఎ అండ్ ఎం రిజర్వాయరు లాంటి ఒకటి రెండు చోట్లే. ఎండినప్పుడు ఆ దారి గట్టిగా, హాయిగా ఉంటుంది. తడిస్తే నల్లరేగడిలో బండి దిగబడిన అనుభవమే, రెండూ నీటికి ఉబ్బే ఒకే జాతి బంకమన్ను కాబట్టి. పది తిరుగుళ్లకే ఫోర్కు, బ్రేకులు, మడ్‌గార్డులు పూడుకుపోతాయి. బలవంతంగా తొక్కితే మట్టీ గడ్డీ కలిసి డెరైలర్‌ను స్పోకుల్లోకి లాగేస్తాయి, హ్యాంగర్ విరుగుతుంది. కాబట్టి తొక్కొద్దు, నెట్టొద్దు. వీలైతే ఎత్తుకుని పక్క సేజ్ గడ్డి మీదికి వెళ్లి ఆగండి. అక్కడి ఎండకూ గాలికీ చాలాసార్లు సగం రోజులో ఆరిపోతుంది. ఆ సగం రోజుకు సరిపడా తిండీ నీళ్లూ అదనంగా ఉంటేనే ఈ దారికి రండి. మడ్‌గార్డులు ముందే విప్పేయండి.

ఉరుముల సంగతి హైవే మీద కూడా ఇంతే ముఖ్యం. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లు తగ్గితే ఆగాల్సిందే. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా కదలొద్దు. గట్టు మీద ఉంటే దిగండి. ముళ్లకంచె తీగలకు దూరంగా ఉండండి, మైలు అవతల పడిన పిడుగును కూడా అవి మోసుకొస్తాయి. రోడ్డు కింది తూముల్లో దూరొద్దు, వరద వస్తుంది. నిజమైన రక్షణ పైకప్పు ఉన్న కారు. చెయ్యెత్తి ఆపండి, ఆపుతారు.

ప్రశ్న: రాత్రి టెంట్ ఎక్కడైనా వేసుకోవచ్చా? అంతా ఖాళీయే కదా.
— ఓ పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: ఖాళీగా కనబడే నేలకు కూడా యజమాని ఉంటాడు. కేంద్ర ప్రభుత్వ భూ నిర్వహణ శాఖ నేలల్లో మామూలుగా 14 రోజుల దాకా ఉచితంగా టెంట్ వేసుకోవచ్చు, ప్రైవేటు నేలలో అనుమతి లేకుండా ఒక్క రాత్రీ కుదరదు. రాలిన్స్ చుట్టుపక్కల ఈ రెండూ చదరంగం గళ్లలా కలిసి ఉంటాయి. 1862, 1864 రైల్వే చట్టాల కింద పట్టాలకు రెండు వైపులా చదరపు మైలు చొప్పున ఒక గడి కంపెనీకి, ఒక గడి ప్రభుత్వానికి వదిలిన ఫలితం ఇది. భూయాజమాన్యం చూపే మ్యాప్ ఫోన్‌లో దింపుకోకుండా కంటితో తేల్చుకోలేరు. జెఫ్రీ సిటీలో చర్చి హాల్లో సైకిల్ యాత్రికులు పడుకోవడం చాలాకాలంగా ఉన్న ఏర్పాటు. ఊరు చేరేముందే ఆ ఏర్పాటు ఇంకా నడుస్తోందని నిర్ధారించుకోండి, వెళ్లేటప్పుడు నేల ఊడ్చి, విరాళం పెట్టండి. పశువుల తొట్టి దగ్గర మాత్రం ఎక్కడా పడుకోవద్దు, మనిషి వాసన ఉన్నంతసేపూ అవి నీళ్లకు రావు.

ప్రశ్న: లారీలు పక్కనుంచి వెళ్లినప్పుడు సైకిల్ ఊగిపోతుంది. రాలిన్స్ తర్వాత ఇంటర్‌స్టేట్ 80 ఎక్కాలట, అది చట్టబద్ధమేనా?
— ఓ పాఠకుడు, అట్లాంటా

జవాబు: వయోమింగ్‌లో ఇంటర్‌స్టేట్ షోల్డర్ మీద సైకిల్‌కు అనుమతి ఉంది. రాలిన్స్ పక్కనున్న సింక్లెయిర్ నుంచి వాల్కాట్ దాకా ట్రాన్స్‌అమెరికా దారి దాని మీదుగానే పోతుంది. దిగే ర్యాంపుల దగ్గర వెనక్కి చూసి, సూటిగా అడ్డం దాటండి.

ఊగడానికి కారణం గాలి దిశ. దక్షిణానికి వెళుతుంటే పడమటి గాలి కుడి నుంచి కొట్టి మిమ్మల్ని లారీల వరుసలోకి నెడుతుంది. షోల్డర్ కుడి అంచుకు మీటరు దగ్గరగా ఉంటే ఎడమకు జరిగినా చోటు మిగులుతుంది. ఉత్తరానికి వెళ్లేటప్పుడు గాలి ఎడమ నుంచి వస్తుంది, మీరు తెలియకుండానే అటు వాలి ఉంటారు. దాటుతున్న లారీ ఒక్క క్షణం ఆ గాలిని ఆపేయగానే లారీ వైపే తూలుతారు. హ్యాండిల్‌కు అద్దం బిగించుకుని, లారీ కనబడగానే రెండు చేతులూ వంచి పట్టు సడలించకుండా, ఒళ్లు వంచండి. ఇల్లులాంటి ఆర్‌వీ బండ్ల అద్దాలు బయటికి పొడుచుకొచ్చి భుజం ఎత్తులో ఉంటాయి. షోల్డర్ సన్నబడిన చోట, ఎదురుగా ఒకటీ వెనక ఒకటీ ఒకేసారి కలుస్తున్నట్టు కనబడితే, రోడ్డు దిగి ఆగిపోండి.